చెవి పుండుకు మందు పూసే ముందు: చర్మానికి రంగు వేసి రోగం కనిపెట్టే విధానం



పాల క్యాను మూత తీసి చూసి, ఆ పాలలో వెన్న శాతం ఎంతో చెప్పమంటే మనలో ఎవ్వరం చెప్పలేము. చిక్కగా కనిపించే పాలలో వెన్న తక్కువ ఉండవచ్చు, పలుచగా కనిపించే పాలలో ఎక్కువ ఉండవచ్చు. అందుకే కంటిని నమ్మకుండా పరీక్షను నమ్ముకున్నాము. నమూనా తీసి, పరీక్ష చేసి, వచ్చిన అంకెను బట్టి డబ్బు చెల్లిస్తున్నాము. ఈ పద్ధతి మన సంఘాలకు కొత్త కాదు.

అయితే పశువు ఒంటి మీద పుండు కనిపించినప్పుడు మాత్రం మనం ఈ నీతిని మరచిపోతున్నాము. చెవి దగ్గర పుండు కాగానే ఒకరు గజ్జి అంటారు, ఇంకొకరు తామర అంటారు, మరొకరు కాకి పొడిచిందంటారు. ఎవరికి తోచిన మందు వారు చెబుతారు. రోగమొకటి, మందొకటి అవుతుంది. పుండు మానదు, డబ్బు ఖర్చవుతుంది, పాలు తగ్గుతాయి. పైగా ఆ మందు పాలలో దిగి సంఘం క్యానులోకి చేరుతుంది.

పుండులో దాగి ఉన్న పరాన్నజీవిని రంగుల సాయంతో ఎలా కనిపెడతారో, అందులో పశువు యజమాని చేయవలసిన పని ఏమిటో ఈ పాఠంలో తెలుసుకుందాము.

ఒక ఇల్లు, రెండు పశువులు, రెండు రోగాలు

వరంగల్ ప్రాంతంలోని ఒక గ్రామానికి మేము వానాకాలం చివర వెళ్ళినప్పుడు చూసిన సంగతి ముందుగా చెబుతాము. ఊరి పేరు, మనిషి పేరు ఇక్కడ అవసరం లేదు. ఇటువంటి ఇల్లు ప్రతి ఊరిలోనూ ఒకటి ఉంటుంది.

ఆ ఇంట్లో ఒక పాడి బర్రె, దాని దూడ ఉన్నాయి. బర్రెకు కుడి చెవి మొదట్లో అరచేతి వెడల్పున పుండు ఉంది. వెంట్రుకలు ఊడిపోయి, చర్మం మందమై, పైన పెచ్చు కట్టి, పెచ్చు కింద నుండి చీము, నెత్తురు కారుతున్నవి. ఈగలు ముసురుతూ ఉంటే బర్రె తల విదిలించడం, గోడకు రాసుకోవడం మానలేదు. పాలు పితికేటప్పుడు నిలువదు. పూటకు మూడు లీటర్ల పైన ఇచ్చే బర్రె రెండు లీటర్లకు దిగిందని ఆమె చెప్పింది. దూడకు కూడా కంటి చుట్టూ, మెడ మీద గుండ్రని మచ్చలు లేచి, బూడిద రంగు పొట్టు కట్టింది.

"తల్లి రోగమే పిల్లకు తగిలింది సారూ. నాలుగు నెలల నుంచి ఇద్దరికీ ఒకటే మందు పూస్తున్నా" అన్నది ఆమె.

ఏమేమి వాడావమ్మా అని అడిగితే వరుసగా చెప్పింది. మొదట కాలిన ఇంజను ఆయిలు. తరువాత మందుల షాపులో ఇచ్చిన తామర మందు. ఆ తరువాత ఎవరో వచ్చి వేసిన ఇంజక్షన్లు. ఆ ఇంజక్షన్లు వేసిన రోజులలో పాలు ఏమి చేశావని అడిగితే ఆమె కొంచెం ఆగి, "సంఘంలనే పోసిన. పోయొద్దని ఎవ్వరూ చెప్పలే" అన్నది. ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమెకు ఎవ్వరూ చెప్పలేదు.

పశువైద్యాధికారి వచ్చి రెండింటి నుండీ నమూనాలు తీశారు. ఫలితం చూస్తే బర్రె చెవిలో ఉన్నది సన్నని పురుగు. దూడ ఒంటి మీద ఉన్నది తామర, అంటే శిలీంధ్రం. ఒకే కొట్టంలో, ఒకే గాటన ఉన్న తల్లీ పిల్లలకు రెండు వేరు వేరు రోగాలు. తామర మందు నాలుగు నెలలు పూసినా బర్రె పుండు ఎందుకు మానలేదో అప్పుడు అర్థమైంది. ఆమె మనుమడి ముంజేతి మీద ఉన్న గుండ్రని దురద మచ్చ ఎక్కడిదో కూడా అప్పుడే అర్థమైంది. దూడ తామర మనుషులకు అంటుతుంది. చెవిలోని పురుగు అలా అంటదు.

చెవి పుండు పురుగు సంగతి

ఈ పురుగు పేరు స్టెఫనోఫైలేరియా. మనుషులకు బోదకాలు తెచ్చే పురుగుకు ఇది దూరపు చుట్టమని చెప్పవచ్చు. దీనిలో రకాలు ఉన్నాయి. ఆవులకు, ఎద్దులకు మూపురం మీద పుండు తెచ్చే రకాన్ని 1936లో పాండే అనే శాస్త్రవేత్త అస్సాం పశువులలో గుర్తించి, ఆ ప్రాంతం పేరు మీదనే అస్సామెన్సిస్ అని పేరు పెట్టారు. గేదెల చెవి పుండులోని రకాన్ని 1958లో ఎస్.ఎన్. సింగ్ వర్ణించి జహీరీ అని పేరు పెట్టారు. అంటే ఈ పురుగును మన దేశపు శాస్త్రజ్ఞులే, మన పశువులలోనే గుర్తించారన్నమాట.

పెద్ద పురుగు పొడవు కొన్ని మిల్లీమీటర్లకు మించదు. వెంట్రుక కంటె సన్నగా, తెల్లగా ఉండి, చర్మం లోపల వెంట్రుకల మొదళ్ళ దగ్గర చిన్న సంచుల వంటి గూళ్ళలో కాపురముంటుంది. అక్కడే పిల్లలను కంటుంది. ఆ పిల్లలను మైక్రోఫైలేరియాలు అంటారు. అవి కంటికి కనబడవు. పుండు నుండి ఊరే రసంలో ఇవి ఈదుతూ ఉంటాయి.

ఇక్కడ ఈగ ప్రవేశిస్తుంది. పుండు మీద వాలిన ఈగ రసంతో పాటు ఈ పిల్లలను కూడా మింగుతుంది. ఈగ కడుపులో అవి సుమారు మూడు వారాలు పెరిగి, తిరిగి పశువు చర్మంలో చేరడానికి తయారవుతాయి. ఆ ఈగ ఇంకొక పశువు మీద, ముఖ్యంగా పిడుదు కరిచిన చోటనో, ముల్లు గీరిన చోటనో, తాడు ఒరిసిన చోటనో వాలినప్పుడు అక్కడ దించిపోతుంది. మలేరియా క్రిమి దోమలో పెరుగుతుందన్న సంగతిని 1897 ఆగస్టులో మన సికింద్రాబాదులోనే రొనాల్డ్ రాస్ కనిపెట్టాడు. ఈ పురుగుకు ఈగ చేసే సేవ కూడా అటువంటిదే.

వానాకాలంలో ఈగలు పెరుగుతాయి, పుండ్లు కూడా పెరుగుతాయి. చలికాలంలో పుండు కొంచెం ఆరినట్లు కనిపిస్తుంది. మనం మానిందనుకుంటాము. పురుగు లోపల ఉండనే ఉంటుంది, మరుసటి ఏడు మళ్ళీ లేస్తుంది. "ఏటేటా అదే చోట లేస్తున్నది" అని యజమాని చెబితే పశువైద్యాధికారికి అది మంచి ఆధారమవుతుంది.

చూపుకు ఒకే రకంగా కనిపించే పుండ్లు

చర్మం మీద వెంట్రుకలు ఊడి, పెచ్చు కట్టి, దురద పెట్టే రోగాలు చాలా ఉన్నవి. ముఖ్యమైనవి ఇవి.

గజ్జి: కంటికి ఆనని చిన్న పురుగు చర్మంలో సొరంగాలు తవ్వడం వల్ల వస్తుంది. విపరీతమైన దురద ఉంటుంది. పక్క పశువుకు త్వరగా అంటుతుంది.

డెమోడెక్స్: ఇదీ చిన్న పురుగే. చుట్ట ఆకారంలో ఉండి వెంట్రుకల కుదుళ్ళలో చేరుతుంది. చర్మంలో చిన్న గడ్డలు లేస్తాయి. నొక్కితే జున్ను వంటి తెల్లని పదార్థం వస్తుంది.

తామర: శిలీంధ్రం వల్ల వస్తుంది. దూడలలో ఎక్కువ. గుండ్రని బూడిద రంగు పొట్టు దీని గుర్తు.

ముద్ద చర్మ వ్యాధి: లంపీ స్కిన్ అని అందరూ విన్నదే. 2022లో మన దేశంలో ఆవులను, ఎద్దులను చాలా బాధ పెట్టింది. ఇది వైరస్ వల్ల వస్తుంది. జ్వరంతో పాటు ఒళ్ళంతా గడ్డలు లేస్తాయి.

పుట్టకురుపు: ఎన్నాళ్ళకూ మానకుండా పెరిగే పుండు ఒక్కొక్కప్పుడు క్యాన్సరు కావచ్చు.

ఈ రోగాలలో ఒకదాని మందు ఇంకొకదానికి పనికిరాదు. శిలీంధ్రానికి పూసే మందు పురుగును చంపదు. చీముకు వేసే యాంటీబయాటిక్ ఇంజక్షను శిలీంధ్రాన్ని గాని, పురుగును గాని తాకదు. కాబట్టి లోపల ఎవరున్నారో తెలియకుండా మందు వేయడం చీకట్లో రాయి విసరడం వంటిది.

రంగు ఎందుకు వేయాలి?

సూక్ష్మదర్శిని, అంటే మైక్రోస్కోపు, చిన్న వస్తువును పెద్దదిగా చూపుతుంది. అంత మాత్రాన అన్నీ తెలిసిపోవు. చర్మాన్ని పలుచని పొరగా కోసి చూస్తే అంతా గాజు వలె పారదర్శకంగా ఉంటుంది. పాలలో నీళ్ళు కలిపితే నీళ్ళు ఎక్కడ ఉన్నాయో కనబడనట్లే, ఆ పొరలో పురుగు ఎక్కడ ఉన్నదో, పశువు కణం ఎక్కడ ఉన్నదో విడదీసి చూడలేము. విడదీసి చూపడానికే రంగు కావాలి.

వరంగల్ కొత్తవాడ జంపఖానాలు మనకు తెలిసినవే. 2018లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నూలుకు రంగులద్దే వారికి ఒక సంగతి బాగా తెలుసు. అన్ని దారాలూ అన్ని రంగులనూ ఒకే రకంగా పట్టుకోవు. పట్టు పట్టిన రంగును నూలు పట్టదు. చెట్ల నుండి తీసిన రంగులు నిలవాలంటే పటిక పట్టు పెట్టాలి. ప్రయోగశాలలో జరిగేది కూడా ఇదే పని. అక్కడ దారానికి బదులు చర్మపు కణాలు ఉంటాయి.

చర్మపు పొరలకు వాడే ముఖ్యమైన రంగు హెమటాక్సిలిన్. ఇది మధ్య అమెరికాలో పెరిగే ఒక చెట్టు చేవ నుండి వచ్చినది. మొదట బట్టలకే అద్దేవారు. దీనికి కూడా పటిక పట్టు పెడితేనే కణాలను అంటుకుంటుంది. కణం నడుమ ఉండే కేంద్రకాన్ని ఊదా నీలం చేస్తుంది. దానికి జోడుగా వేసే రెండవ రంగు ఇయోసిన్. గ్రీకుల ఉషాదేవి పేరు మీద దీనికి ఆ పేరు వచ్చింది. కణంలోని మిగిలిన భాగాన్ని గులాబి రంగు చేస్తుంది. ఈ రెండు రంగులూ పడగానే తెల్లకాగితం వంటి పొర మీద బొమ్మ గీసినట్లు అన్నీ విడివిడిగా కనిపిస్తాయి.

రసంలోని పురుగు పిల్లలను చూడడానికి వేరొక రంగు వాడతారు. దాని పేరు జీమ్సా. జర్మనీ దేశంలో హాంబర్గులో పని చేసిన గుస్టావ్ జీమ్సా 1904లో దీనిని కుదిరించాడు. దీనిలో మెథిలీన్ బ్లూ నుండి తయారైన నీలి రంగులు, ఇయోసిన్ కలిసి ఉంటాయి. మెథిలీన్ బ్లూ పేరు డెయిరీలో పని చేసిన వారికి కొత్త కాదు. పాలలో సూక్ష్మజీవులు ఎక్కువగా ఉన్నవో లేవో చూడడానికి వేసే నీలి మందు అదే. నీలి రంగు త్వరగా పోతే పాలు చెడు, ఎంతో సేపు నిలిస్తే పాలు మంచివి. పాలను పరీక్షించే రంగు వంశంలోదే పశువు పుండును కూడా పరీక్షిస్తున్నదన్నమాట.

జీమ్సా కంటె ముందు ఇదే జాతి రంగుతో గొప్ప పని జరిగింది. కాలా అజార్ అనే జ్వరానికి మూలమైన పరాన్నజీవిని 1903లో లీష్మన్ అనే వైద్యుడు, మద్రాసులో పని చేసిన డొనొవన్ అనే వైద్యుడు వెల్లడించారు. రోగి ప్లీహం నుండి తీసిన కణాలకు రంగు వేసి చూస్తేనే ఆ చిన్న క్రిములు బయటపడ్డాయి. ఆ క్రిమి జాతికి లీష్మన్ పేరు, ఆ జాతిలోని ఒక రకానికి డొనొవన్ పేరు నిలిచిపోయాయి.

పరీక్ష ఎలా జరుగుతుంది?

మొదటి మెట్టు: తడి పరీక్ష. పశువైద్యాధికారి పుండు మీది పెచ్చును మెత్తబరచి తీసివేస్తారు. కింది చర్మాన్ని బ్లేడుతో లోతుగా గీకి, గోరువెచ్చని ఉప్పునీటి ద్రావణంలో వేస్తారు. పురుగు పిల్లలు ఉంటే సూక్ష్మదర్శిని కింద పాము పిల్లల వలె మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి. గజ్జి పురుగుకు ఈ మెట్టే చాలు. పెచ్చును పొటాషియం హైడ్రాక్సైడు ద్రావణంలో నాననిస్తే పొట్టు కరిగి గజ్జి పురుగు రంగు లేకుండానే కనిపిస్తుంది. తామర అయితే వెంట్రుక చుట్టూ శిలీంధ్రపు గింజలు పేర్చినట్లు ఉంటాయి. నీలి రంగు ఒకటి వేస్తే మరింత స్పష్టమవుతాయి. దూడ తామర ఇలాగే బయటపడింది.

రెండవ మెట్టు: అద్దిన స్లైడు. పెచ్చు తీసిన తడి చోట శుభ్రమైన గాజు పలకను అద్ది తీస్తారు. గాలికి ఆరబెట్టి, మిథైల్ ఆల్కహాలులో కొన్ని నిమిషాలు ఉంచి, జీమ్సా రంగు పోసి, అర గంట తరువాత కడుగుతారు. ఒక పూటలోనే ఫలితం తెలుస్తుంది. మెలికలు తిరిగేది తడి పరీక్షలోనే కనబడింది గదా, మళ్ళీ రంగు ఎందుకని మీరు అడగవచ్చు. తడిసిన పేడలో, కుళ్ళిన గడ్డిలో స్వేచ్ఛగా బ్రతికే సన్నని పురుగులు కూడా ఉంటాయి. పశువు పడుకున్నప్పుడు అవి పుండుకు అంటుకుంటాయి. అవి కూడా మెలికలు తిరుగుతాయి. ఏది పేడ పురుగో, ఏది రోగపు పురుగో దాని లోపలి నిర్మాణం చూసి చెప్పాలి. ఆ నిర్మాణాన్ని రంగు చూపుతుంది.

మూడవ మెట్టు: చర్మపు ముక్క. మొదటి రెండు మెట్లలో తేలకపోతేనో, క్యాన్సరు అనుమానం ఉంటేనో, ఆ చోట మత్తు ఇచ్చి గోరంత చర్మం ముక్క తీస్తారు. దీనిని పుండు నడిమి నుండి తీయరు. అక్కడ చచ్చిన చర్మం, చీము తప్ప ఏమీ ఉండదు. పుండు అంచున, కొంత మంచి చర్మం కూడా కలిసేటట్లు తీస్తారు. ఆ ముక్కను వెంటనే ఫార్మలిన్ ద్రావణంలో వేస్తారు. దూరపు ప్రయోగశాలకు పంపే పాల నమూనా చెడిపోకుండా ఫార్మలిన్ చుక్కలు వేసే పద్ధతి మనలో కొందరికి తెలుసు. ఇక్కడ కూడా పని అదే. మాంసం కుళ్ళకుండా ఉన్నది ఉన్నట్లు నిలుస్తుంది.

ప్రయోగశాలలో ఆ ముక్కలోని నీటిని ఆల్కహాలుతో తీసివేసి, కరిగిన మైనం పట్టిస్తారు. మైనం గట్టిపడిన తరువాత మైక్రోటోము అనే కత్తి యంత్రంతో మిల్లీమీటరులో రెండు వందల వంతు మందాన పొరలు కోస్తారు. వాటిని గాజు పలక మీద పరచి, మైనం కరిగించి, హెమటాక్సిలిన్, ఇయోసిన్ వేస్తారు. ఈ పని అంతటికీ కొన్ని రోజులు పడుతుంది.

అందులో ఏమి కనిపిస్తుంది? పురుగును అడ్డంగా కోస్తే తాడును కోసినట్లు గుండ్రని ముక్క కనిపిస్తుంది. దాని చుట్టూ ఇయోసిన్‌తో ఎర్రగా మెరిసే గింజలు నిండిన కణాలు మూగి ఉంటాయి. వాటికి ఇయోసినోఫిల్ కణాలని పేరు. 1879లో పాల్ ఎర్లిక్ వీటిని గుర్తించి ఆ రంగు పేరే పెట్టాడు. పురుగు ఒంట్లో చేరినప్పుడు శరీరం పంపే సైన్యంలో ఇవి ముఖ్యం. అయితే ఒక హెచ్చరిక. ఈగ కాటు పడకపోయినా, ఏదైనా వస్తువు ఒంటికి సరిపడకపోయినా ఇవి చేరతాయి. కాబట్టి ఎర్ర కణాలు ఉన్నంత మాత్రాన పురుగు ఉన్నదని తీర్పు చెప్పరాదు. పురుగు కోసం మరికొన్ని పొరలు కోసి చూడాలి. అలాగే ఒక పొరలో పురుగు కనబడలేదని లేదనీ చెప్పరాదు. పురుగు చిన్నది, పొర ఇంకా చిన్నది. కత్తి దాని పక్క నుండి పోయి ఉండవచ్చు. ఆ బర్రె విషయంలో జీమ్సా స్లైడులోనే పిల్లలు కనబడ్డాయి గనుక మూడవ మెట్టు దాకా పోవలసిన పని లేకపోయింది.

మందు, పాలు

పురుగు అని తేలిన తరువాత ఏ మందు వాడాలన్నది పశువైద్యాధికారి నిర్ణయం. పశువు చూలుతో ఉన్నదా, పాలిస్తున్నదా, పుండు ఎంత ఉన్నది అన్నది చూసి చెబుతారు. మేము ఇక్కడ మందు మోతాదు రాయడం లేదు, అది చీటీ లేకుండా వాడవలసినది కాదు గనుక. ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. పురుగులకు, గజ్జికి ఐవర్‌మెక్టిన్ అనే ఇంజక్షను పేరు పల్లెల్లో బాగా వ్యాపించింది. పాలిచ్చే పశువుకు వేస్తే ఈ మందు చాలా రోజుల పాటు పాలలోకి దిగుతూనే ఉంటుంది. మరిగించినా పోతుందని నమ్మడానికి లేదు. యాంటీబయాటిక్ ఇంజక్షను సంగతీ అంతే. ఆ పాలకు తోడు వేస్తే పెరుగు సరిగా తోడుకోదు. తోడుకోకపోవడానికి కారణం తోడులోని మంచి సూక్ష్మజీవులను మందు చంపడమే. ఒక్క ఇంటి నుండి వచ్చిన రెండు లీటర్ల పాలు క్యానులో కలిస్తే ఊరందరి పాలకూ మచ్చ వస్తుంది. ఆ పాలు తాగేది పట్నం పిల్లలు మాత్రమే కాదు, మన పిల్లలు కూడా.

ఆ బర్రెకు పుండు శుభ్రం చేసి పైన పూసే మందు, ఈగలు వాలకుండా వేపనూనెలో కర్పూరం కలిపిన పూత వాడారు. డాక్టరు చెప్పినన్ని రోజులు ఆమె పాలు సంఘానికి పోయలేదు. ఆ రోజుల చిట్టాలో ఆమె పేరు ఎదుట గీత ఉన్నది. ఆమెకు అది చిన్న నష్టం కాదు. చీటీ పాట కట్టవలసిన వారమది. అయినా తానే సంఘానికి వచ్చి, "మందు వేసిన, పాలు తెస్తలేను, రాసుకోండ్రి" అని చెప్పింది. పుండు ఆరడానికి కొన్ని వారాలు పట్టింది. వెంట్రుకలు ఇంకా ఆలస్యంగా వచ్చాయి. చెవి మొదలు కొంచెం మందంగానే మిగిలింది. పాలు మాత్రం తిరిగి పెరిగాయి. దూడకు తామర మందు, మనుమడికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు వేరుగా ఇప్పించారు.

నాలుగు నెలల ఖర్చు, ఆ నాలుగు నెలలు తగ్గిన పాల ధర కలిపి లెక్క వేసుకుంటే, మొదటి వారంలోనే ఒక స్లైడు చూపించి ఉంటే ఎంత మిగిలేదో ఆమెకే బాగా తెలుసు. ఆమె మమ్మల్ని అడిగిన మాట ఒకటే: "ఈ ముచ్చట నాలుగు నెలల కింద ఎవరన్నా చెప్పకపోయిరి?" ఆ ప్రశ్న మాకు కూడా తగిలింది. ఈ పాఠం రాయడానికి కారణం అదే.

సభ్యులు చేయవలసినవి

1. పది రోజులకు మానని పుండు ఏదైనా సరే పశువైద్యాధికారికి చూపాలి. ఏటేటా అదే చోట లేచేదైతే ఆ మాట మరువకుండా చెప్పాలి.

2. నమూనా తీసే ముందు ఇంజను ఆయిలు, పసుపు, పూత మందులు ఏవీ పూయరాదు. పూసి ఉంటే దాచకుండా చెప్పాలి. కాలిన ఇంజను ఆయిలు చర్మాన్ని కాల్చుతుంది, పశువు నాకితే విషమవుతుంది. దానిని ఎన్నడూ వాడరాదు.

3. పెచ్చును మీరు పీకవద్దు. పెచ్చు కింది తడి చోటే పరీక్షకు పనికి వస్తుంది.

4. చర్మపు ముక్కను వెడల్పు మూతి సీసాలో, ముక్కకు పది రెట్లు ఫార్మలిన్ ద్రావణంలో ఉంచాలి. ఒక పాలు ఫార్మలిన్‌కు తొమ్మిది పాళ్ళ నీరు కలిపినదే ఆ ద్రావణం. దీనిని పశువైద్యశాలలోనే తయారు చేయించుకోవాలి. ఫార్మలిన్ విషం, కళ్ళకు హాని. పాల సీసాలలో, మంచినీళ్ళ సీసాలలో ఎన్నడూ పోయరాదు.

5. స్లైడును, ఫార్మలిన్ సీసాను ఒకే పెట్టెలో పెట్టి పంపరాదు. ఫార్మలిన్ ఆవిరి తగిలితే స్లైడు జీమ్సా రంగును సరిగా పట్టదు.

6. సీసా మీద యజమాని పేరు, పశువు గుర్తు, పుండు ఏ చోట, ఎన్నాళ్ళ నుండి, వాడిన మందులు, తేదీ పెన్సిలుతో రాసిన చీటీ అంటించాలి. సిరా ఫార్మలిన్ తగిలి చెరిగిపోవచ్చు.

7. ఎక్కడికి పంపాలన్నది మీ పశువైద్యాధికారి చెబుతారు. మన వరంగల్ మామునూరులో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం వారి పశువైద్య కళాశాల ఉన్నది. పొరుగు జిల్లాల వారికి కూడా ఇది దగ్గరే.

8. పేడ దిబ్బను కొట్టానికి దూరంగా ఉంచాలి. కొట్టం పొడిగా ఉంచాలి. పిడుదులను అదుపులో పెట్టాలి. ముల్లు గీరినా, తాడు ఒరిసినా ఆ గాయం మీద ఈగ వాలకుండా చూడాలి. పుండు ఉన్న పశువును వీలైతే వేరుగా కట్టాలి.

9. మందు వేసిన పశువు పాలను డాక్టరు చెప్పినన్ని రోజులు సంఘానికి పోయరాదు. సంఘం కార్యదర్శికి ముందుగా చెప్పాలి. అలా చెప్పిన సభ్యుని లేదా సభ్యురాలిని తప్పు చేసినట్లు చూడకుండా, మెచ్చుకొని చిట్టాలో రాసుకోవాలని కార్యదర్శులకు మా మనవి.

పాఠం సరిచూసుకొనండి

ప్రశ్న: పుండు నడిమి నుండి కాక అంచు నుండి చర్మం ఎందుకు తీస్తారు?
జవాబు: నడుమ చచ్చిన చర్మం, చీము మాత్రమే ఉంటాయి. అంచున రోగం కొత్తగా పాకుతూ ఉంటుంది గనుక అక్కడ కారణం దొరికే వీలు ఎక్కువ.

ప్రశ్న: స్లైడులో పురుగు కనబడలేదు. రోగం లేనట్లేనా?
జవాబు: కాదు. మళ్ళీ నమూనా తీయించాలి. అవసరమైతే చర్మపు ముక్క పంపాలి.

ప్రశ్న: పక్క పశువుకు కూడా పుండు లేచింది. అదే మందు వేయవచ్చునా?
జవాబు: వేయరాదు. దాని స్లైడు దానికి వేరుగా తీయించాలి. తల్లికీ దూడకూ వేరు వేరు రోగాలు ఉండిన సంగతి పైన చదివారు గదా.

ఈ పాఠాన్ని సంఘం నెలవారీ సమావేశంలో ఒకరు చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము. చదువు రాని సభ్యులకు కూడా ఈ సంగతి చేరాలి. మీ ఊరిలో మానని చెవి పుండు, మూపురం పుండు ఉన్న పశువులు ఎన్ని ఉన్నవో లెక్క రాసి, ఈ నెలలోనే మీ పశువైద్యాధికారికి అందజేయండి.